శాస్త్రిగారి అల్పాహారం

విజయభూపతికి ఒకరోజు విద్యార్థుల నోట పద్యాలు వినాలని మనసైంది. వెంటనే విద్యాపీఠానికి కబురు వెళ్లింది.

వచ్చారు. మొదటివాడు నోరు తెరిస్తే పద్యానికి బదులు ఆవలింత వచ్చింది. రెండోవాడు పద్యం సగంలో స్తంభానికి చేరగిలబడ్డాడు. మూడోవాడు సూరన్న. సరస్వతీదేవికి దణ్ణం పెట్టి, రాగం ఎత్తుకుని, కళ్లు తిరిగి కూలబడ్డాడు.

"నిరుడు గలగలా చదివినవాళ్లే కదా! ఏమొచ్చింది వీళ్లకి?" అన్నాడు రాజు.

ఆ రోజుల్లో దూరం నుంచి చదువుకి వచ్చినవాళ్లు వారాలు చేసుకునేవారు. అంటే సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. అన్నపూర్ణమ్మ తల్లి దయ వల్ల ఏడు రోజులూ గడిచిపోయేవి. కానీ ఆ ఏడాది వానల్లేవు. ఇల్లాళ్లు కళ్లొత్తుకుంటూ, "వచ్చే వారం నుంచి రాకు నాయనా" అనేశారు. ఆ మాట కోటదాకా మోసేదెవరు?

విద్యాపీఠం పెద్ద పేరిశాస్త్రి లేచాడు. పండితుడే. కాకపోతే తన మాట తనకే మహా ముద్దు.

"ఇది తిండి మత్తు ప్రభూ! విద్యార్థి అల్పాహారిగా ఉండాలన్నారు పెద్దలు. వారాలు మాన్పించి అల్పాహారమే పెట్టమని శాసనం చేయండి. చాలనివాడు ఊరికి పోవచ్చు!"

సూరన్న చదువు చివరికొచ్చింది. ఇప్పుడు ఊరికి పోతే, మళ్లీ పంపేవాళ్లెవరూ లేరు.

అంతలో ఆస్థాన విదూషకుడు కూర్మయ్య చేతులు జోడించాడు.

"శాస్త్రిగారి మాట బంగారం ప్రభూ! ఇప్పుడే రాయించండి."

విద్యార్థులు తెల్లబోయారు. రాయసగాడు గంటం అందుకున్నాడు.

"ఒక్క సందేహం. అల్పాహారం అంటే ఎంతో రాయకపోతే వంటవాళ్లు కొలత తప్పుతారు. శాస్త్రిగారూ, తమ చదువు పూర్తయిందా?"

"పూర్తవడమా! చదువుకి అంతు ఉందటయ్యా? నేను నిత్య విద్యార్థిని!"

"ఆహా! మరి తమరూ అల్పాహారమేనా?"

"వేరే చెప్పాలా? పొద్దున్నే అల్పాహారం తప్ప ఇంకేదీ ముట్టను."

"అయితే ఇవాళ ఏం పుచ్చుకున్నారో సెలవియ్యండి. అదే కొలత."

శాస్త్రిగారికి భార్య చేతి వంటంటే ఎక్కడలేని గర్వం. నోరు ఆగలేదు.

"ఏముందయ్యా! ఓ దిబ్బరొట్టె, మీద పాకం. ఆరేడు ఇడ్లీలు, అల్లం పచ్చడి, గిన్నెడు నెయ్యి. వద్దంటున్నా వినకుండా మా ఆవిడ రెండు గారెలు పడేసింది. అంతే! అల్పాహారం!"

గంటం గబగబా నడిచింది. రాజు నవ్వు బిగబట్టుకుని, "మరి భోజనం మాటేమిటి కూర్మయ్యా?" అన్నాడు.

"వెనకాల భోజనం ఉంటేనే ముందుది అల్పాహారం ప్రభూ! వెనకాల ఏమీ లేకపోతే దాని పేరు పస్తు."

రాజు నవ్వు ఆగింది. సూరన్న వైపు తిరిగాడు. "పస్తులున్నారా నాయనా?"

"కరువుకి వారాలు తప్పిపోయాయి ప్రభూ. మాకు రెండిళ్లే మిగిలాయి."

"అది కాదు, నా ఉద్దేశం..." అని నసిగాడు శాస్త్రి.

"తమ ఉద్దేశం ఎప్పుడో రాసేశారండీ! గారెలతో సహా!" అన్నాడు కూర్మయ్య.

సభంతా గొల్లుమంది. రాజు శాసనం మీద ముద్ర వేశాడు. పొద్దున శాస్త్రిగారి కొలతకి అల్పాహారం, రెండు పూటలా కోట నుంచి భోజనం. ఆపైన తన మెడలోని ముత్యాల హారం తీసి కూర్మయ్యకి అందించాడు.

కూర్మయ్య వెనక్కి జరిగాడు.

"హారం నాకెందుకు ప్రభూ? ముందొక 'ఆ' చేర్చి వాళ్ల విస్తళ్లలో వడ్డించండి!"

ఈసారి పేరిశాస్త్రి కూడా నవ్వాపుకోలేకపోయాడు. రాజు హారాన్ని కూర్మయ్య మెడలో తానే వేసి, "ఇది ఉండనీ. ఆ 'ఆ' నేను చేరుస్తాలే" అంటూ వడ్డనకి ఆకులు వేయించాడు.