గోరింట ఎక్కని లారీ

చేవెళ్ళ దగ్గర పందెపు గుర్రాలను పెంచే విఠల్‌రెడ్డి మంచివాడే కానీ, గుర్రం గెలిస్తే దాని తండ్రిని పొగడడం, ఓడితే దాని తల్లిని తిట్టడం అతనికి అలవాటు.

అతని దగ్గర సుల్తాన్ అనే మగ గుర్రం ఉండేది. నల్లగా నిగనిగలాడేది. ఎక్కడో దూరదేశం నుంచి తెప్పించాడు. ఇంటికి చుట్టాలు వచ్చినా, కరెంటు బిల్లు తెచ్చేవాడు వచ్చినా ముందు సుల్తాన్ దర్శనం చేసుకోవాల్సిందే, మంచినీళ్ళు ఆ తర్వాతే. ఫారంలో పుట్టిన పిల్ల ఏదైనా గెలిస్తే "సుల్తాన్ రక్తం" అని మీసం మెలేసేవాడు. ఓడిందనుకోండి, "అంతా తల్లి పోలిక" అని మూతి ముడుచుకునేవాడు. తల్లి ఎదురు చెప్పదు కదా, ఎన్ని మాటలైనా అనొచ్చు!

ఆ ఫారంలోనే గోరింట అనే ముసలి ఆడగుర్రం ఉండేది. సుల్తాన్ కంటే చాలా ముందు వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఒక్క రేసూ గెలవలేదు. కానీ దాని కూతుళ్ళు గెలిచాయి. కూతుళ్ళ పిల్లలు ఇంకా బాగా గెలిచాయి. ఫారం పేరు నలుగురికీ తెలిసిందంటే ఆ వంశం వల్లే. ఈ సంగతి విఠల్‌రెడ్డికి తెలియక కాదు, ఒప్పుకోవడానికి నోరు రాదు. గోరింట ఇక ఈనడం మానేసింది. పొద్దంతా మేసేది, పాలు మాన్పించిన పిల్లలు చుట్టూ చేరితే వాటి మధ్య నిలబడి కునికేది.

ఒకనాడు పక్క ఫారం యజమానురాలు ఖమరున్నీసా బేగం టీకి వచ్చింది. మామూలుగానే సుల్తాన్ దర్శనం అయింది. బేగం మాత్రం కంచె అవతల ఉన్న గోరింట వైపే చూస్తూ కూర్చుంది.

"అట్ల చూస్తున్నరేంది? కావాలంటే తోలుకపొండి. తినుడు, పండుడు తప్ప దానికి ఇంకో పని లేదు" అన్నాడు విఠల్‌రెడ్డి నవ్వుతూ.

"మాట మీద ఉంటారు కదా, రెడ్డి సాబ్?" అంది బేగం.

"విఠల్‌రెడ్డి మాట అంటే మాటే."

సాయంత్రానికల్లా గోరింట వెళ్ళిపోయింది. విఠల్‌రెడ్డి భార్య యశోద ఆ రోజు అన్నం ముట్టలేదు. "మన ఇంటికి ఇంత పేరు తెచ్చిన దాన్ని టీ తాగినంత సేపట్ల ఇచ్చేస్తివి. నీకు మనసెట్లొచ్చింది?" అంది. అతను విననట్టు పేపరు తిప్పాడు.

ఇంతలో పెద్ద రేసు దగ్గరపడింది. విఠల్‌రెడ్డి ఆశలన్నీ జాజి మీదే పెట్టుకున్నాడు. జాజి గోరింట కూతురి కూతురు. తండ్రి సుల్తాన్. దూసుకుపోయే పిల్ల. అలాంటి గుర్రం మళ్ళీ పుడుతుందో పుట్టదో! ఈ రేసులో పరుగెత్తే వయసు దానికి ఈ ఒక్క ఏడాదే. రేసు ముందు రోజు పొద్దు గూకేలోగా హైదరాబాదు చేరాలి. చేరకపోతే పందెం జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

ఆ పొద్దున లారీ వచ్చింది. గుర్రం ఎక్కడానికి వెనక పలక దించారు. జాజి దగ్గరిదాకా వచ్చి, పలకను వాసన చూసి, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి నిలబడింది. గుర్రాలను చూసుకునే సైసులు బెల్లం చూపించారు, బుజ్జగించారు, వెనక నుంచి తోశారు. అది కదిలితే ఒట్టు.

"సుల్తాన్‌ను పట్టుకరండి. తండ్రి ముందు ఎక్కితే బిడ్డ వెనకనే ఎక్కుతది" అని హుకుం జారీ చేశాడు విఠల్‌రెడ్డి.

తెచ్చారు. సుల్తాన్ లారీని చూసి సకిలించి, వెనక్కి తిరిగి రెండు కాళ్ళతో లారీ తలుపును ఫెడీమని తన్నింది. తలుపు సొట్ట పోయింది. డ్రైవరు క్యాబిన్‌లోకి దూరి అద్దం ఎక్కించుకున్నాడు. జాజి బెదిరి జొన్న చేలో పడి పారిపోయింది. దాన్ని పట్టి తెచ్చేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఎండ నడినెత్తికొచ్చింది.

అప్పుడు యశోద అంది, "ఇన్నేండ్ల సంది మన పిల్లలన్నీ ఈ లారీ ఎట్ల ఎక్కినయో నీకు యాదికి లేదా? ముందు గోరింట ఎక్కేది. దాన్ని చూసి అవి ఎక్కేటియి. ప్రతిసారి కండ్ల ముంగట జరిగేదే కదా, నువ్వు సుల్తాన్‌ను చూసుకుంట ఇటు తిరగలే."

విఠల్‌రెడ్డి చెప్పులు వేసుకుని తిన్నగా బేగం ఫారానికి నడిచాడు.

బేగం ఎదురొచ్చింది. "ఏం రెడ్డి సాబ్, సుల్తాన్ ఎక్కించలేదా జాజిని?" అని అడిగింది. కబురు అప్పటికే చేరిపోయింది మరి.

విఠల్‌రెడ్డి తల దించుకున్నాడు. "బేగం సాహిబా, ఇచ్చిన మాట మీద నిలబడలేకపోతున్న, తప్పు నాదే. పనికిరాని గుర్రం అనుకున్న. మా ఇంటి పెద్దనే ఇచ్చేసిన. నాకు సిగ్గయితుంది, అయినా అడుగుతున్న, మళ్ళ ఇయ్యుండ్రి" అన్నాడు.

బేగం నవ్వేసింది. "తీసుకుపోండి. నా గుర్రప్పిల్లలు కూడా దాని వెనకే తిరుగుతున్నాయి. మీ గుర్రప్పిల్లలు దాని చుట్టూ చేరడం చూసే ఆ రోజు తీసుకున్నాను. ఏటా పాలు మాన్పించే నెలలో మాత్రం మా ఇంటికి పంపాలి. ఈసారి మాట తప్పితే ఊరుకోను."

గోరింట వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. మెల్లగా పలక ఎక్కి, లోపల గడ్డి పరకలు నమలడం మొదలుపెట్టింది. జాజి ఒక్క సకిలింపు సకిలించి, పరుగున ఎక్కి అమ్మమ్మ మెడకు ముఖం ఆనించింది. డ్రైవరు ఇక ఆలస్యం చేయలేదు. పొద్దు గూకకముందే లారీ హైదరాబాదు చేరింది.

మర్నాడు రేసులో జాజి మొదట వెనకబడింది. యశోద కళ్ళు మూసుకుంది. మలుపు తిరిగాక చూడాలి దాని పరుగు! ఒక్కొక్క గుర్రాన్నే దాటుకుంటూ, అందరికంటే ముందు గీత దాటింది. యశోద చెప్పులు ఎక్కడ పోయాయో కూడా చూసుకోకుండా గంతులేసింది. విఠల్‌రెడ్డి సంతోషంతో ఏడ్చేశాడు, పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాణ్ణి కావలించుకున్నాడు.

జనం చుట్టూ మూగారు. "సుల్తాన్ ఎట్లున్నది? మా ఆడగుర్రాలను కూడా దాని దగ్గరికి పంపుతాం" అన్నారు.

"పంపుదురు గానీ, ముందు నాతో రండి" అని విఠల్‌రెడ్డి వాళ్ళందరినీ లారీ దగ్గరికి తీసుకుపోయాడు. గోరింట నీడలో నిలబడి కునుకుతోంది. "ఇది జాజి అమ్మమ్మ. మా ఫారంల గెలుపు అంతా దీని పుణ్యమే" అన్నాడు. గోరింట ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

పిల్లలూ, గెలిచినవాళ్ళకు చప్పట్లు కొట్టేటప్పుడు వాళ్ళను అంతదాకా నడిపించిన పెద్దలను మరిచిపోకూడదు.