కారు తోసినవాడు

మద్దిలేటికి ఒక్క ఫోటో కుదరడం లేదు.

బేతంచెర్లలో అతనికి స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అతన్నే పిలుస్తారు. చెయ్యి వణకదని పేరు. మనిషికి వచ్చిన పేరును మనిషే నమ్మడం మొదలుపెడితే చిక్కు. మద్దిలేటి నమ్మాడు. అలాంటివాడు, సొంత కారు రోడ్డు మీద పోతుంటే ఫోటో తియ్యలేకపోయాడు. రెండు రీళ్ళు కడిగి చూసుకున్నాడు. అన్నింట్లోనూ కారు తడిసిన రంగులా చెదిరిపోయి ఉంది.

ఆ కారు అతని తండ్రి సుంకన్నది. నాపరాళ్ళ గనిలో కష్టపడి కొనుక్కున్న పాత ఫియట్టు. సుంకన్న పోయి ఏడాది కావస్తోంది. ఊరికే తుప్పు పడుతోందని మద్దిలేటి అన్నయ్య దాన్ని డోన్‌లో ఒకరికి అమ్మేశాడు. ఆదివారం మధ్యాహ్నానికి అప్పగించాలి. తల్లి రంగమ్మ కాదనలేదు. అది చెయ్యి దాటేలోపల, కారు పరుగెత్తుతున్నట్టు ఒక ఫోటో తీసి పెట్టమని మాత్రం అడిగింది. ఇంట్లో కారు ఫోటోలు ఉన్నాయి కదా అంటే ఒప్పుకోలేదు.

"అవన్నీ మనం దాని పక్కన నిలబడినవి. కారు పోతా ఉండేది నాకు కావాల. మీ నాయన ఉన్నప్పుడు అది ఎప్పుడైనా ఒక చోట నిలబడిందా?" అంది.

ఆదివారం పొద్దున్నే మద్దిలేటి, అతని అక్కమొగుడు నాగేశు కారు తీసుకుని బయలుదేరారు. డోన్ పోయే దారిలో, కదలనిదే సత్యమని చెప్పే అచల మఠం ఉంది. అక్కడి గురువు ఓబుళయ్య. సుంకన్న ఆయన దగ్గరే ఉపదేశం తీసుకున్నాడు, తర్వాత మద్దిలేటీ తీసుకున్నాడు. మఠం ముందు రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. ఆవలి వైపు నాపరాళ్ళ దొంతరలు. ఫోటోకు అంతకంటే మంచి చోటు లేదని మద్దిలేటి అక్కడే దిగాడు. రీల్లో మిగిలిన నాలుగు ఫోటోలతో పని ముగించాలనుకున్నాడు.

నాగేశు కారును అటూ ఇటూ తిప్పాడు. ఒక ఫోటో తీశాక మద్దిలేటి తల అడ్డంగా ఊపాడు. తర్వాత రెండుసార్లూ అంతే. ఫోటో కడగక ముందే, చెడిన ఫోటో చెడిందని చేతికి తెలుస్తుంది.

"ఏం బామ్మర్దీ, నా మొహం నచ్చలేదా? పౌడరు పూసుకుని రమ్మంటావా?" అన్నాడు నాగేశు.

ఇంకొక్కసారి తిప్పమన్నాడు మద్దిలేటి.

"తిప్పేదానికి నాకేం? పెట్రోలు మీ నాయన వచ్చి పోస్తాడా?"

అలవాటుగా వచ్చిన మాట. అన్నాక నాగేశు ముఖం మాడిపోయింది. ఇంజను ఆపేసి, దిగి, బీడీ ముట్టించుకునే నెపంతో దూరంగా వెళ్ళాడు.

గురువు మఠం అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. మద్దిలేటి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"సామీ, మీరు కదలనిదాన్ని చూడమంటారు. నాకు కదిలేదే అందడం లేదు."

గురువు నవ్వలేదు. ఏం చేస్తున్నావో చెప్పమన్నాడు. మద్దిలేటి చెప్పాడు. పోతున్న కారుతోపాటే కెమెరా తిప్పుతూ మీట నొక్కాలి. రెండూ ఒక్క తీరున కదిలితే కారు తేటగా పడుతుంది, వెనకున్న రాళ్ళూ చెట్లూ గీతలైపోతాయి. ఆ పద్ధతి తనకు బాగా తెలుసు. కానీ రోడ్డు దుమ్ము, బావ తోలుడు సరిగా లేదు, కెమెరా అద్దం కూడా పాతబడింది. గురువు అన్నీ విన్నాడు.

"నువ్వు మీట నొక్కినప్పుడు కారు ఆగుతుందా?"

"ఆగదు సామీ."

"నువ్వు ఆగుతున్నావు."

మద్దిలేటి ఆలోచించాడు. "నొక్కినాక ఇంక పనేముంది? పట్టేసినట్టే కదా," అన్నాడు.

గురువు కారు వైపు చూస్తూ, మీ నాయన దీన్ని ఎట్లా తోలేవాడని అడిగాడు.

ఆ ప్రశ్నకు మద్దిలేటి ముఖం తేలికపడింది. ఆ కారుకు సెల్ఫ్ ఎప్పుడూ పట్టేది కాదు. రోజూ పొద్దున పిల్లలంతా వెనక నుంచి తోసేవాళ్ళు. ఇంజను అందుకున్నాక నాయన ఆపేవాడు కాదు. వేడెక్కక ముందే ఆగితే మళ్ళీ అందుకోదు. అందుకని తలుపులు తెరిచి పెట్టి మెల్లగా తోలేవాడు, పిల్లలు పక్కనే పరుగెత్తుతూ ఒక్కొక్కరే ఎక్కేవాళ్ళు. అందరికంటే చిన్నవాడు మద్దిలేటి. చివరికి మిగిలేవాడు. నాయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి చాచి, అతని మణికట్టు పట్టి లోపలికి లాగేసేవాడు. బడి దాకా అందరూ నవ్వుతూనే ఉండేవాళ్ళు.

ఆ తర్వాత మద్దిలేటి గొంతు తగ్గింది. చివరి రోజు తెల్లవారుజామున నాయనకు గుండె నొప్పి వచ్చింది. అన్న స్టీరింగు పట్టాడు. వెనక సీట్లో అమ్మ ఒడిలో నాయన తల. తొయ్యడానికి మద్దిలేటి ఒక్కడే. తోశాడు. ఇంజను అందుకుంది. నెమ్మదిస్తే ఎక్కడ ఆగిపోతుందోనని అన్న ఆపకుండా ఆసుపత్రికి తోలుకుపోయాడు. ఆ కారులోనే నాయనను తిరిగి తెచ్చారు. ప్రాణం లేదు.

"తోసినాక నువ్వు ఎంత దూరం పోయినావు?" అన్నాడు గురువు.

"యాడికీ పోల్యా సామీ. తోసిన కాడే నిలబడిపోయినా."

గురువు లేచాడు. ఎంత దూరమైనా కాలినడకనే పోయే మనిషి. ఆయన కారెక్కడం ఎవరూ చూడలేదు. చేతికర్ర అరుగుకు ఆనించి, రోడ్డు దాటి, కారు వెనక తలుపు తెరుచుకుని కూర్చున్నాడు. నాగేశును పిలిచి, మలుపు దాకా తీసుకుపొమ్మన్నాడు.

"సెల్ఫ్ పట్టదు సామీ. తొయ్యాల," అన్నాడు నాగేశు.

"తోసేవాడు ఉన్నాడు కదా."

మద్దిలేటి కెమెరా అరుగు మీద పెట్టి వచ్చాడు. కారు వెనక చేతులు ఆనే చోట రంగు ఎప్పుడో పోయింది. అతని అరచేతులు వాటంతటవే అక్కడికే పోయాయి. భుజం ఆనించి తోశాడు. కారు బరువుగా కదిలింది, దగ్గింది, అందుకుంది. చేతుల్లోంచి జారి ముందుకు పోయింది.

మద్దిలేటి నిలబడిపోయాడు. చేతులు ఇంకా ముందుకు చాచే ఉన్నాయి.

వెనక అద్దంలోంచి గురువు తిరిగి చూశాడు. ఆపమని నాగేశుకు చెప్పలేదు. రమ్మని మద్దిలేటికి చెప్పలేదు. కిటికీలోంచి చెయ్యి బయటకు చాచి, అలాగే ఉంచాడు.

మద్దిలేటి పరుగెత్తాడు. చెప్పులు ఊడిపోయాయి. కారు పక్కకు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. గురువు లోపలికి లాగలేదు. అతని చెయ్యి పట్టుకుని, అతని ముఖంలోకి చూస్తూ ఉన్నాడు. కొంత దూరం పోయాక ఆయనే వదిలేశాడు.

కారు ముందుకు పోయింది. మద్దిలేటి పరుగు నడకైంది. నడుస్తూనే, కారు మలుపు తిరిగేదాకా చూశాడు. ముఖం మీది దుమ్ము తడిసింది. తుడుచుకోలేదు.

నాగేశు కారు తిప్పుకుని వచ్చి, ఇంజను ఆపకుండా గురువును మఠం ముందు దింపాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. డోన్‌కు పోవాలి. మద్దిలేటి అరుగు మీది కెమెరా తీసుకుని రోడ్డు పక్కకు వచ్చాడు.

"ఈ తూరి మెల్లగా పోతా బామ్మర్దీ. అట్లే డోన్‌కు పోయి అప్పజెప్పొస్తా," అన్నాడు నాగేశు. హాస్యం ఆడలేదు.

కాస్త వెనక్కి పోయి, మళ్ళీ తిరిగి వచ్చాడు. మద్దిలేటి కెమెరా కంటికి ఆనించి, కారును దూరంలోనే అందుకుని, దానితోపాటు తిరిగాడు. ఎదురుగా రాగానే మీట నొక్కాడు. చప్పుడైంది.

చేతులు ఆగలేదు. నడుము తిరిగింది, పాదాలు తిరిగాయి. కారు నాపరాళ్ళ దొంతరలు దాటింది, చిన్నదైంది, మలుపు దగ్గర ఒకసారి మెరిసి పోయింది. ఆ తర్వాత కూడా కెమెరా కాసేపు అటే ఉంది. అప్పుడు మెల్లగా దించాడు.

"పడిందా?" అన్నాడు గురువు.

"కడిగితే గాని తెలియదు సామీ."

"ఇప్పుడే పోయి కడుగుతావా?"

మద్దిలేటి కెమెరా అద్దానికి మూత పెట్టాడు. చెప్పులు ఎక్కడ ఊడాయో వెతుక్కుంటున్నట్టు రోడ్డు వైపు చూశాడు.

"రేపు చూస్తా సామీ. ఇంటికి పోయి అమ్మ దగ్గర కూర్చుంటా."

గురువు కర్ర అందుకున్నాడు.

"అయితే పడింది," అన్నాడు.