చిల్లుల పేపరు

ఆ ఏడాది దేశంలో ఎక్కడ ఏం జరిగినా తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అది నేనే. నా గదిలో ఉండే జోజి ఖాళీ చేసి వెళ్ళిపోయాడన్న సంగతి మాత్రం నాలుగో రోజున హాస్టల్ వంటమనిషి చెబితే తెలిసింది.

నా పేరు పైడిరాజు. మాది విజయనగరం పక్కన ఒక పల్లె. హైదరాబాదు అశోక్‌నగర్‌లో హాస్టల్ గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాను. నాలాంటివాళ్ళని ఆరుసార్లు రాయనిస్తారు. ఇది ఆరోసారి. ఇంటర్వ్యూ దాకా వచ్చాను. కిందటేడూ వచ్చాను గానీ, ఇంటర్వ్యూలో మార్కులు రాలక పదకొండు మార్కుల తేడాతో లిస్టులో పేరు లేకుండా పోయింది. ఈసారి పోతే ఇక రాయడానికే లేదు.

అందుకని కరెంట్ అఫైర్స్ మీద పడ్డాను. రోజూ మూడు పేపర్లు. కత్తెరతో వార్తలు కోయడం, నోట్‌బుక్కుల్లో అంటించడం, రంగు పెన్నులతో గీతలు గీయడం. ముఖ్యమైనవాటికి ఎరుపు అనుకున్నాను. చూడబోతే అన్నీ ముఖ్యమైనవే. పద్నాలుగు నోట్‌బుక్కులూ ఎర్రగా పండాయి.

ఇంటర్వ్యూ పన్నెండు రోజులుందనగా ఒకచోట మాక్ ఇంటర్వ్యూకి వెళ్ళాను. అడిగినవన్నీ చెప్పాను. అడగనివి కూడా చెప్పాను. అంతా విని, ఎదురుగా కూర్చున్న రిటైర్డ్ ఆఫీసరు ఫైలు మూసేశాడు.

"నీకు తెలియని వార్త లేదు బాబూ. కానీ నీతో ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడదామని మాత్రం అనిపించలేదు."

ఆ మాట పట్టుకుని కరీముల్లా సార్ దగ్గరికి పరుగెత్తాను.

సార్ రెవెన్యూ శాఖలో ఊళ్ళన్నీ తిరిగి రిటైరైన మనిషి. సైకిల్ షాపు పైన ఒక గది, ఒక చాప, కిరోసిన్ స్టవ్వు. మందపాటి కళ్ళద్దాలు. పొద్దున్నే నలుగురైదుగురం పోగయ్యేవాళ్ళం. ఎవరో ఒకరు పేపరు పైకి చదవాలి. సార్ తల వంచి వినేవారు. మధ్యలో ఒక ప్రశ్న వేసేవారు. తర్వాత టీ. కప్పు అంచు మీద వేలు ఆనించి మరీ పోసేవారు. ఆ వేలు చూసి నేను మనసులోనే శుభ్రతకి రెండు మార్కులు కోసేవాణ్ణి.

ఆ రోజు ఆయన ముందు నా నోట్‌బుక్కులన్నీ పేర్చాను.

"ఇంతకంటే ఏం చదవాలి సార్?"

ఆయన నోట్‌బుక్కులు ముట్టుకోలేదు. "ఇవాళ్టి పేపరు ఉందా?" అన్నారు.

సంచిలోంచి తీసిచ్చాను. అప్పటికే కోతలు అయిపోయాయి. సార్ దాన్ని ఒళ్ళో పరుచుకుని, అరచేత్తో మెల్లగా తడిమారు. ఒక్కో చిల్లులోంచీ వేళ్ళు బయటికి వస్తున్నాయి.

"ఇన్ని కిటికీలు కోశావు పైడిరాజూ. ఒక్కదాంట్లోంచైనా బయటికి చూశావా?"

నేను నోట్‌బుక్కుల దొంతర సర్దాను.

"పొద్దున ఏం తిన్నావు?"

"ఇడ్లీ సార్. యాదమ్మ బండి దగ్గర."

"చట్నీ?"

"కొబ్బరి చట్నీ."

సార్ నవ్వారు. "వెళ్ళు బేటా. వెళ్ళి ఆమెనే అడుగు."

యాదమ్మ బండి సందు మలుపులోనే. రెండేళ్ళుగా నా పొద్దులన్నీ అక్కడే మొదలవుతాయి.

"యాదమ్మా, మీరు వేసేది కొబ్బరి చట్నీయే కదా?"

ఆమె గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"రెండు నెలల సంది పల్లి చట్నీ తింటున్నవ్. ఎన్నడన్న తల లేపి తిన్నవా నువ్వు?"

"మరి కొబ్బరి?"

"కొబ్బరికాయ కొనేటట్టున్నదా? ఇడ్లీ రేటు పెంచితే మీ పోరలు ఒక పూట తినుడు బంద్ చేస్తరు. గందుకే రేటు మార్చలే, చట్నీ మార్చిన."

కొబ్బరి ధర పెరిగిన వార్త నా దగ్గర ఉంది. పదకొండో నోట్‌బుక్కు. కింద రెండు ఎర్ర గీతలు కూడా ఉన్నాయి. ఆ పేజీ బట్టీపడుతూనే పల్లి చట్నీ తిన్నాను.

తిరిగొచ్చి చెప్పాను. సార్ తల ఊపారు.

"రోజుకొకటి పట్టుకురా. పేపర్లో రానిది. ఈ వీధిలోది."

మర్నాడు జోజికి ఫోన్ చేశాను.

"నువ్వేనా? ఏమైందిరా, ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డాడు.

"ఎవరూ పోలేదు. నువ్వెందుకు వెళ్ళిపోయావో అడుగుదామని."

"మా నాన్న కాలు విరిగిందని చెప్పాను కదరా. నువ్వు 'ఊఁ' అని, వెళ్తూ వెళ్తూ ఎర్ర పెన్ను ఇచ్చి వెళ్ళమన్నావు."

ఆ సాయంత్రం సార్‌కి ఇదే వార్త చదివాను. ఆయన నవ్వలేదు. "నాన్నకి ఎలా ఉందట?" అన్నారు. అది అడగడం మర్చిపోయాను. మళ్ళీ ఫోన్ చేశాను.

అలా పదకొండు రోజులు. కత్తెర ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను.

ఢిల్లీలో బోర్డు పెద్ద ఒక మేడమ్. మూడో ప్రశ్నకే ధరల మీదికి వచ్చింది. నా నోట్లోకి అంకెలు వరస కట్టి వచ్చేశాయి. వాటిని అక్కడే ఆపాను.

"మా వీధిలో కొబ్బరి చట్నీ ఆగిపోయి రెండు నెలలు దాటింది మేడమ్," అన్నాను.

కుడివైపు కూర్చున్నాయన పెన్ను కింద పెట్టాడు. యాదమ్మ సంగతంతా చెప్పాను. అంకెలు ఆ తర్వాత చెప్పాను, ఆమె బండికి ఎంత అవసరమో అంతే.

"రేపు మీరు జిల్లాలో ఆఫీసరైతే ఏం చేస్తారు?" అంది మేడమ్.

"ధరల రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు, ఒక బండి దగ్గర నిలబడి టిఫిన్ చేస్తాను మేడమ్. ఈసారి తల ఎత్తి."

అయిదుగురూ నవ్వారు. అరగంట అనుకున్నది యాభై నిమిషాలు సాగింది. చివరి పది నిమిషాలూ ఇడ్లీ పిండి ఎంతసేపు పులియాలన్న దాని మీదే వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు.

ఫలితాలొచ్చాయి. రెండు వందల ముప్పై ఒకటో ర్యాంకు!

ఆ రోజు మా సందు చూడాలి. సైకిల్ షాపువాడు గాలి పంపు ఊపుతూ అరిచాడు. జోజి వాళ్ళ నాన్న చేతికర్రతో సహా బస్సెక్కి వచ్చాడు. యాదమ్మ నాలుగు కొబ్బరికాయలు బండి చక్రానికే కొట్టింది. "ఇయ్యాల కొబ్బరే! ఎవ్వడన్న పల్లి అడిగితే తంత!" అంది. నేను తల ఎత్తుకుని తొమ్మిది ఇడ్లీలు తిన్నాను.

మర్నాడు జిల్లా పేజీలో నా ఫొటో పడింది. ఆ పేపరు పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కాను. చిల్లు ఒక్కటీ లేని పేపరు.

"చూడండి సార్!"

సార్ దాన్ని ఒళ్ళో పరుచుకున్నారు. అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా తడిమారు.

"ఫొటోలో నవ్వుతున్నావా?" అని అడిగారు.

నేను ఆ మందపాటి కళ్ళద్దాల వైపు చూశాను. రెండేళ్ళలో అదే మొదటిసారి చూడటం. సార్ లేచి, గోడ పట్టుకుని స్టవ్వు దగ్గరికి నడిచి, కప్పు అంచు మీద వేలు ఆనించి టీ పోశారు.

"కనబడక ఎన్నాళ్ళైంది సార్?"

"ఆరేళ్ళు బేటా." కప్పు నా వైపు జరిపారు. "ఇవాళ్టి వార్త పట్టుకొచ్చావన్నమాట."

ఇక దాచడం ఎందుకు? రెండేళ్ళు రోజూ ఆయన ఎదురుగా కూర్చుని, వంతు వచ్చినప్పుడల్లా పేపరు చదివాను. నా ఉచ్చారణ బాగుచేయడానికి చదివిస్తున్నారనుకున్నాను.