నడిరోడ్డు మీద సైకిలు

ఆ సంస్థానంలో రోడ్డు ఒక్కటే, మోటారు ఒక్కటే. రెండూ రాజావారివే. అయినా తమలపాకులమ్మే గవరయ్య ఆ రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన సైకిలు తొక్కుతున్నాడు. వెనక మోటారు తోలుకొస్తున్న రాజావారు ఎంత హారన్ కొట్టినా తప్పుకోలేదు. చివరికి ఆయనే బండి ఆపి దిగారు.

"ఎవడ్రా నువ్వు? అంచున తొక్కలేవూ?"

"అంచునే తొక్కేవాళ్లం బాబూ, నేనూ మా అన్నా. పక్కన చోటుంది కదా అని తమ మోటారు దూసుకొచ్చింది, అన్న పోయాడు. అంచున ఉన్నవాడు కంటికి ఆనలేదని తమరే సెలవిచ్చారు. అందుకే ఆనేచోటికి వచ్చాను. ఇక్కడైతే తిట్లు తింటాను గానీ ఇంటికి వెళ్తాను. ఇవాళ ఆగారు, ఎవడివని కూడా అడిగారు. మా అన్నని అదీ అడగలేదు."

రాజావారు మోటారెక్కి, సంత దాకా సైకిలు వెనకే నెమ్మదిగా వచ్చారు.

ఊరంతా గవరయ్య తెలివిని మెచ్చుకుంది. ఆ రాత్రి వదిన అన్నం వడ్డిస్తూ, అతని మొహం చూడకుండా అంది:

"ఈ తెలివేదో మీ అన్న ఉన్నప్పుడే వచ్చుంటే బాగుండేది కదయ్యా."