ఎర్ర దీపాన్ని చూసిన గాజుపలక

ఫొటోలు తీసే ఒకాయన చీకటిగదిలో ఒక గాజుపలకా, ఒక ఎర్ర దీపమూ ఉండేవి. ఆయన పలక మీద వెండి ఉప్పు కలిపిన కొలోడియన్ జిగురు పోసి బొమ్మ పట్టేవాడు. బొమ్మ కాగితం మీదికి ఎక్కాక పలకని గీకి, కడిగి, మళ్లీ పోసేవాడు. పలక పెళ్లికొడుకుల మీసాలు చూసింది, జమీందారుగారి గుర్రాన్ని చూసింది. ఎరుపుని మాత్రం ఎరగదు. ఆ జిగురుకి ఎరుపూ చీకటీ ఒకటే.

అందుకే ఆయన ఎర్రగాజు దీపం వెలుగులో నిశ్చింతగా పని చేసుకునేవాడు. వత్తి చిటపటలు పలకకి వినిపించేవి, వెచ్చదనం తగిలేది. రూపమే తెలియదు. ఊళ్లోవాళ్లందరినీ మోసిన పలకకి మనసంతా ఆ కనపడనిదాని మీదే.

"నువ్వెలా ఉంటావు?" అని ఓసారి అడిగింది.

"నువ్వు చూడలేవు గనకే నన్ను నీ పక్కన ఉండనిస్తున్నారు," అంది దీపం. "చూశావంటే నీలో ఇంకెవరికీ చోటుండదు."

"పోనీ," అంది పలక. అంత మొండితనం దానికెక్కడిదో మరి.

ఆయన భార్యకి ఇంకో బాధ. "నా ఎర్రచీర మీ ఫొటోలో బొగ్గుముద్దలా పడుతోంది. బొట్టు చూస్తే మసి అంటుకున్నట్టుంది. నేనలా ఉంటానా?" అని నిలదీసింది.

పాపం, ఆయన ఊరంతా వాకబు చేసి, ఆకులు నూరి, సారాలో నానబెట్టి పచ్చటి రంగు దించాడు. ఆ రంగు పట్టించిన జిగురుకి ఎరుపు కనిపిస్తుందట. ఎర్రచీర కట్టుకుని ఆమె పెరట్లో కూర్చుంది. ఆయన గదిలో పలకకి రంగు పట్టించాడు. చేతి అలవాటు కొద్దీ దీపం ఆర్పడం మరిచాడు.

రంగు ఇంకగానే పలక చూసింది.

"వద్దు, చూడకు!" అంది దీపం.

పలకలకి రెప్పలుండవు. ఉన్నా అది మూసుకునేది కాదు. ఇన్నాళ్ల ఎదురుచూపూ ఆ ఎరుపుతో నిండిపోయింది. తర్వాత ఆయన దాన్ని కెమెరా పెట్టెలో పెట్టి భార్య ముందు నిలబెట్టినప్పుడు, చీర వచ్చి తలుపు తట్టినా లోపల జాగా లేదు.

బొమ్మ తేలడానికి పలకని మందునీళ్లలో కడిగి, మొహం వేలాడేసుకుని ఆయన పెరట్లోకి వచ్చాడు. "ఏమీ పడలేదే," అన్నాడు.

ఆమె పలకని ఎండకేసి పట్టుకుంది. సందు లేకుండా నలుపు. వెలుగు తగిలినచోటే పలక నల్లబడుతుందని ఇన్నేళ్ల కాపురంలో ఆమెకి తెలుసు.

"ఏమీ పడకపోతే, ఇంత వెలుగు ఎవరిదండీ?"

ఆయన ఉలిక్కిపడి గదిలోకి పరిగెత్తాడు, దీపం ఆర్పేశాడు. ఇకనుంచి చీకట్లోనే తడుముకుంటూ పని చెయ్యాలి. అయితేనేం, ఎరుపు చిక్కుతుంది.

తిరిగొచ్చి, గీకి కడగడానికి పలకని ఇమ్మని చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.