సూసన్నమ్మ మాట విన్న రోజు

అనగనగా గోదారి నడుమ ఒక లంక, ఆ లంకలో ఒక చర్చి, ఆ చర్చిలో అందరికంటే ముందు కూర్చునే సూసన్నమ్మ.

సూసన్నమ్మ చెడ్డది కాదు పిల్లలూ. జ్ఞాపకశక్తి మెండు. అయ్యగారు ప్రసంగం చెబితే పొల్లు పోకుండా అప్పజెప్పేది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, కోపం కూడా ఆమెకు అంతే బాగా గుర్తుండేది.

ఒకనాడు తోడికోడలు సలోమి ఆమె కొత్త చేదను నూతిలో జారవిడిచింది. మాటా మాటా పెరిగింది. సూసన్నమ్మ పెరటి మధ్యన ముళ్ళకంచె వేయించింది. నుయ్యి ఇవతల ఉండిపోయింది, సలోమి అవతల ఉండిపోయింది. ఆనాటి నుంచి పాపం, సలోమి బిందె పట్టుకుని ఏటికి పోయేది.

వానాకాలం వచ్చింది. గోదారికి ఎర్రనీరు వచ్చింది. ఆ బురదనీళ్ళు పడక సలోమి చంటివాడు జబ్బుపడ్డాడు. రోజురోజుకీ నీరసించిపోతున్నాడు. వాడి ఏడుపు కంచె దాటి వినిపిస్తుంటే సూసన్నమ్మకు గుండె కలుక్కుమనేది.

"నీళ్ళు కావాలంటే అదే వచ్చి అడగొచ్చుగా!" అనుకుని మళ్ళీ బిగుసుకుపోయేది.

ఆ ఆదివారం అయ్యగారు ఇలా చెప్పారు: "దాహంతో ఉన్నవాడు మీ పగవాడైనా సరే, వానికి నీళ్ళియ్యవలెను. ఇది నా మాట కాదు, దేవుని ఆజ్ఞ."

ఎంత చక్కని మాట! సూసన్నమ్మ కళ్ళు చెమర్చాయి. ఎవరి గురించి చెబుతున్నారో అని చుట్టూ చూసింది కూడాను. ఇల్లు చేరేలోపే ఆ మాట కంఠతా పట్టేసింది.

మరుసటి ఆదివారానికి దానికి రాగం కట్టి పాడింది. చర్చంతా మెచ్చుకుంది. ఆపై ఆదివారానికి గోడకు సున్నం కొట్టించి, వీధి గుమ్మం మీద నీలిరంగుతో రాయించింది. దారినపోయేవాళ్ళు ఆగి చదివి, "ఎంత భక్తి!" అనుకునేవారు.

"ఏమ్మా, ఆజ్ఞ విన్నావా?" అని అడిగారు, ఒకరోజు ఆమె ఇంటికి వచ్చిన అయ్యగారు.

"విన్నానండయ్యగారూ! ఒక్క అక్షరం పోలేదు."

అయ్యగారు పెరట్లోని కంచె వంక చూసి, నిట్టూర్చి వెళ్ళిపోయారు.

సూసన్నమ్మకు ఒక మేక ఉండేది. పేరు చిట్టి. ఇంతింత చెవులు దానికి. ఆ సాయంత్రం ఆమె పెరట్లోకి వచ్చేసరికి చిట్టి హాయిగా ఆనపపాదు నములుతోంది. నిన్నా అదే పని, మొన్నా అదే పని.

"ఓసి నీ అల్లరి తగలెయ్యా! పాదు జోలికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? మాట వినవేమే?"

మేక తలెత్తింది. కథల్లో మేకలు మాట్లాడతాయి కదా, ఇది కాస్త మర్యాదగానే మాట్లాడింది.

"విన్నానమ్మగారూ. 'పాదు జోలికి పోవద్దు.' ఒక్క అక్షరం పోలేదు."

"విన్నదానివి ఎందుకు తిన్నావు?"

"పోనీ, రాగం కట్టి పాడమంటారా?"

"నీ పాట ఎవరికి కావాలే!"

"అయితే నా పాక గుమ్మం మీద రాయించండి. రోజూ చూసుకుంటాను" అని చిట్టి ఇంకో ఆకు అందుకుంది.

సూసన్నమ్మకు ఒళ్ళు మండిపోయింది. "అప్పజెబితే విన్నట్టా? పాడితే విన్నట్టా? రాయించుకుంటే విన్నట్టా? చెప్పింది చేస్తేనే కదే, మాట విన్నట్టు!"

అనేసింది. అని, నోటిమీద చెయ్యేసుకుని అలాగే నిలబడిపోయింది.

కంచె అవతల సలోమి ఏటి నుంచి వస్తోంది. బిందెలో ఎర్రనీళ్ళు. చంకలో పిల్లవాడు. వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

సూసన్నమ్మకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే ఏడుపు వచ్చింది. "ప్రభువా, ఇన్నాళ్ళూ నేను నీ మాట వినలేదు" అంది.

కత్తి కోసం వెతకలేదు. చేతులతోనే ముళ్ళకంప లాగి పారేసింది. అరచేతులు గీరుకుపోయినా ఆగలేదు. నూతినీళ్ళు తోడి, కాచి, చల్లార్చి, చెంబుతో సలోమి గుమ్మంలోకి వెళ్ళింది.

సలోమి బెదిరి లేచి నిలబడింది. "అక్కా, ఆ చేద నేను కావాలని..."

"చేద పోతే పోయిందే. తప్పు నాది. పిల్లాణ్ణి ఇలా ఇయ్యి."

ఒళ్ళో పడుకోబెట్టుకుని, చెంచాతో నీళ్ళు పోసింది. వాడు మింగలేదు. పెదవి తడిపి మళ్ళీ పోసింది. ఈసారి చిన్న గుటక వేశాడు. తర్వాత ఇంకొకటి. వాడు కోలుకునేదాకా సూసన్నమ్మ ఆ ఇల్లు కదల్లేదు.

ఒక పొద్దున వాడు ఆకలేసి ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. "వీడు మనకు దక్కాడక్కా!" అంటూ సలోమి ఆమె భుజం మీద తల వాల్చింది. తోడికోడళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు.

దేవుని ఆజ్ఞను మెచ్చుకోవడం సులువే పిల్లలూ, కానీ ఆ ప్రకారం చేసినవారే దాన్ని విన్నవారు.