ఇంట్లో లేనివాళ్ళ చెప్పులు

చూసిన కళ్ళు ఇప్పుడు లేవు. విన్న చెవులు మాత్రం ఇంకా ఉన్నాయి. ఆ విన్నవాళ్ళు చెప్పిన మాటే ఇది.

కంపలదిన్నె అని ఒక ఊరు. అక్కడ నీళ్ళు తక్కువ, రాళ్ళు ఎక్కువ, ముళ్ళు ఇంకా ఎక్కువ. ఊరి మగవాళ్ళందరూ గొర్రెలు కాసేవాళ్ళు. చలికాలం వెళ్ళి గడ్డి ఎండిపోగానే మందలు తోలుకుని తూర్పుదేశం పోయేవాళ్ళు. తొలకరి పడితేనే తిరిగొచ్చేవాళ్ళు. అంతదాకా ఊళ్ళో ఉండేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, ఎండ.

పోయేటప్పుడు వాళ్ళు పాత చెప్పులే తొడుక్కునేవాళ్ళు. మంచి జత దాచుకునేవాళ్ళు. అవి కిర్రుచెప్పులు. అడుగున మూడు పొరల తోలు, తోలుదారంతో కుట్టు, నడిస్తే కిర్రు కిర్రుమని చప్పుడు. పెళ్ళికి అవే, జాతరకు అవే. ఎవరి చెప్పుల చప్పుడు వారిది. సందు మలుపులో అది వినబడగానే ఇంట్లో ఆడమనిషి లేచి ఎసరు పెట్టేది.

ఊరికి ఎడంగా, బండ్లబాట చివర, ఒక గుడిసె. అందులో మారెక్క. చెప్పులు కుట్టే ఇంటి మనిషి. మొగుడు పోయి ఏడేళ్ళు. ఒక్కడే కొడుకు తిప్పడు. మీసం మొలిచిన ఏడాది మందల వెంట కూలికి పోయి, తూర్పున ఎవరో రైతు దగ్గర నిలిచిపోయాడు. మందలు తిరిగొచ్చిన ప్రతి తొలకరికీ మారెక్క బాటకు ఎదురుపోయి మూడు మాటలు అడిగేది.

"మావాడు తింటాండాడా? మావాడు నిద్రపోతాండాడా? మావాని కాళ్ళకేముండాయి?"

మొదటి ఏడాది, "తింటాండాడు, పడుకుంటాండాడు, వచ్చే తొలకరికి వస్తానన్యాడు" అన్నారు. రెండో ఏడాదీ అదే మాట. మూడో ఏడాది ఎవరూ ఏమీ అనలేదు. ఆ రైతు దగ్గర్నుంచి బయల్దేరి ఏటి రేవు దాటినాక వాణ్ణి చూసినవాళ్ళు లేరు.

ఊరి మగవాళ్ళు పోతూ పోతూ తమ కిర్రుచెప్పులు మారెక్కకు అప్పజెప్పేవాళ్ళు. ఇంట్లో పెడితే ఎలుకలు కొరుకుతాయి, ఎండకు తోలు బిగుసుకుంటుంది. మారెక్క దగ్గరైతే భద్రం.

మారెక్కకు మూడు పనులు. దుమ్ము దులపాలి. ఆముదం పట్టించాలి. కాలు పెట్టి నడవాలి.

మొదటి రెండూ అందరికీ తెలుసు. మూడోది ఆమె మొగుడు నేర్పిపోయిన పని. "తోలు వంగితేనే నూనె లోపలికి దిగుతాది మ్మే. వంగని తోలు నూనె తాగినా పగులుతాది" అనేవాడు. కానీ ఆ రోజుల్లో చెప్పులు కుట్టే చేతులవాళ్ళు ఊళ్ళో చెప్పులేసుకుని నడవకూడదు. పెద్దిండ్ల వాళ్ళ చెప్పుల్లో కాలు పెట్టడమంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అందుకే మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు వేసుకున్నాక, మారెక్క ఒక్కో జతా తొడుక్కునేది. అంతంత చెప్పుల్లో తన చిన్న కాళ్ళు జారకుండా వేళ్ళతో గట్టిగా పట్టుకునేది. గుడిసె నుంచి ఎండిన వాగువంక దాకా, వంక నుంచి గుడిసె దాకా. కిర్రు కిర్రు. కిర్రు కిర్రు. మనిషి పలకరింపు లేని ఆ గుడిసెకు అదే పలకరింపు.

తిప్పడి జత కూడా అక్కడే ఉండేది. వాడి కాలు ఇంకా పెరుగుతుందని ముందు పట్టీ బొటనవేలంత వదులుగా కుట్టింది తనే. ఆ జతకూ దుమ్ము దులిపేది. ఆముదం పట్టించేది. కాలు మాత్రం పెట్టేది కాదు.

ఒక ఎండాకాలం ఈరమ్మవ్వ అనే ముసలామె కోళ్ళను వెతుక్కుంటూ బండ్లబాట మీదికొచ్చింది. దుమ్ములో చెప్పుల జాడ కనబడింది. కుడి మడమ దగ్గర నెలవంకలా అతుకు. ఆ అతుకు తన కొడుకు బీరలింగడి చెప్పుకే ఉంది. వాడే తిరిగొచ్చాడనుకుంది ముసలామె. ఎవరికీ చెప్పలేదు. మరునాడు వచ్చి చూసింది. మళ్ళీ జాడ. మూడోనాడు చెంబుతో నీళ్ళు తెచ్చుకుంది, దూరం నుంచి వచ్చినవాడి కాళ్ళ మీద పోయాలని. జాడ వెంట నడిచింది. జాడ మారెక్క గుడిసె ముందు ఆగింది.

ఆ చెప్పుల్లో ఉన్నవి మారెక్క కాళ్ళు.

ముసలామె చేతిలో చెంబు జారిపోయింది. బండకు తగిలిన ఆ చప్పుడుకు ఊరి కొస ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు పోగయ్యారు.

"ఏమే మారీ! నీ మొగుడు పోయినాక ఊరి మొగోళ్ళ చెప్పులన్నీ కావాల్సొచ్చెనా నీకు?"

"నూనె పెట్టమని ఇస్తే ఊరేగుతాండావా?"

"కాళ్ళు ఇరగ్గొడితే తెలుస్తాది!"

మారెక్క చెప్పులు విప్పి, కొంగుతో తుడిచి, పక్కన పెట్టింది. "తిట్టండమ్మా, పడతా. కొట్టినా పడతా. కానీ తొడగకుంటే ఇవి సస్తాయి. తొలకరికి మీ మొగోళ్ళు వచ్చి కాలు పెట్టబోతే అప్పడాల్లా ఇరుగుతాయి. అప్పుడూ నన్నే తిడతారు."

ఎవరూ వినలేదు. ఎవరి జత వాళ్ళు పట్టుకుపోయారు. గోడలకు తగిలించారు, అటకల మీద పెట్టారు. ఈరమ్మవ్వ ఒక్కతే కదల్లేదు. వంగి దుమ్ములోని నెలవంక జాడను చాలాసేపు చూసింది.

"మ్మే మారీ."

"ఏమవ్వా?"

"దుమ్ములో వాని అడుగు సూసినాక మూన్నాళ్ళు కడుపు నిండా తిన్యా నేను. ఈ జత నీ కాడే పెట్టుకో. రేపట్నుంచి మా గడప ముందర నడువు. ఎవరేమన్నా నాతో అనమను."

మరునాటి నుంచి మారెక్క మూడు పనులు చేసేది. దుమ్ము దులిపేది. ఆముదం పట్టించేది. బీరలింగడి చెప్పులు తొడుక్కుని ఈరమ్మవ్వ గడప ముందు నడిచేది. కిర్రు కిర్రు. లోపలినుంచి ముసలామె పిలిచేది.

"వస్తివా?"

బయటినుంచి మారెక్క చెప్పేది. "దారిలో ఉండాడవ్వా."

తొలకరి పడింది. మందలు తిరిగొచ్చాయి. మగవాళ్ళు స్నానాలు చేసి, తలపాగాలు చుట్టి, గోడల మీది కిర్రుచెప్పులు దింపారు. ఒకడి పట్టీ ఊడి చేతికొచ్చింది. ఒకడి చెప్పు అడుగు అట్ట అడ్డంగా చీలింది. ఇంకొకడు కాలు పెట్టగానే చెప్పు టప్‌మని రెండు ముక్కలైంది. బీరలింగడు ఒక్కడే కిర్రు కిర్రుమంటూ జాతరకు పోయాడు.

"ఒరే, నీ చెప్పులకు పెండ్లి చేసినట్టుండాదే!" అని అందరూ ఏడిపించారు. ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. మరుసటేడు మగవాళ్ళు బయల్దేరగానే, చెప్పులు తెచ్చి గుడిసె ముందు పెట్టిపోయారు. అప్పటినుంచి మారెక్క పట్టపగలే ఊళ్ళో నడిచింది, ఇంటింటి ముందు. ఇంటింట్లోంచీ "వస్తివా?" అని పిలుపు. "దారిలో ఉండాడమ్మా" అని జవాబు.

నడక అయిపోయాక మారెక్క గుడిసెకు తిరిగొచ్చేది. ఆమె గడప ముందు ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

అలా ఎన్ని తొలకర్లు పోయాయో లెక్క లేదు. ప్రతిసారీ ఆమె బాటకు ఎదురుపోయేది. ప్రతిసారీ మూడు మాటలు అడిగేది. మందలవాళ్ళు తలలు దించుకుని పోయేవాళ్ళు.

ఒకనాటి సాయంత్రం ఈరమ్మవ్వ చేతికర్ర పోటేసుకుంటూ గుడిసెకొచ్చింది. మారెక్క తిప్పడి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తోంది. ముసలామె ఒక చెప్పు అందుకుంది. నీళ్ళలో నానిన రొట్టెలా వేలాడింది. కుట్లు ఉబ్బి ఊడబోతున్నాయి.

"ఏందే ఇది? ఎన్నిసార్లు పెడతాండావు నూనె?"

"దినామూ పెడతాండా. ఎండిపోతాయేమోనని పొద్దున ఒకతూరి. పొద్దున సరిగా పెట్టినానో లేదోనని సందేళ ఇంకోతూరి."

"ఊరి చెప్పులన్నీ బాగుచేసేదానివి, నీ కొడుకువి నానబెట్టి చంపుతాండావే! తొడిగి నడవొచ్చు గదా?"

మారెక్క తల ఎత్తలేదు. "నీ ఇంటి ముందర నేను నడిస్తే నీకు కొడుకొచ్చినట్టుంటాది. మావాని చెప్పుల చప్పుడు నేనే చేసుకుంటే ఎవరొచ్చినట్టవ్వా? నేనొచ్చినట్టే గదా."

ఈరమ్మవ్వ చెప్పును మెల్లగా కింద పెట్టింది. ఇన్నేళ్ళూ గడప లోపల కూర్చుని విన్నది తను. బయట నడిచింది ఈమె.

ముసలామె ఇంటికి పోయి కొర్రతవుడు తెచ్చింది. ఇద్దరూ కలిసి చెప్పులకు తవుడు పూసి, నూనె పీల్చాక దులిపి, నీడన ఆరబెట్టారు. ఊడిన కుట్లు మారెక్క మళ్ళీ వేసింది. అప్పుడు ఈరమ్మవ్వ తన చేతికర్ర గోడకు ఆనించి, తిప్పడి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. పెద్దింటి ముసలామె, చెప్పులు కుట్టేవాళ్ళ బిడ్డ చెప్పుల్లో. చూసినవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. "అవ్వకు మతి పోయింది" అన్నారు.

"నువ్వు లోపలికి పో. తలుపు ముయ్" అంది మారెక్కతో.

మొదటిరోజు నడిచింది. చప్పుడు లేదు. తోలు ఇంకా మెత్తగానే ఉంది. లోపల మారెక్క కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

రెండోరోజు నడిచింది. ఏదో గొణిగినట్టు వినబడీ వినబడలేదు.

మూడోరోజు, పొద్దు వాలే వేళ, బండ్లబాట మీద కిర్రు. ఆగింది. మళ్ళీ కిర్రు. కిర్రు కిర్రు. కిర్రు కిర్రు. ఆ చప్పుడు తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

మారెక్క లేచింది. పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. చాలా ఏళ్ళకు ఇద్దరికి సరిపడా పెట్టింది.

"వస్తివా నాయనా?" అంది.

బయటినుంచి ముసలి గొంతు. "దారిలో ఉండాడు మ్మే."

తిప్పడు వచ్చాడని కథలో లేదు. రాలేదని కూడా ఎవరూ చెప్పరు. మారెక్క పోయేదాకా ఆమె గడప ముందు ఎవరో ఒకరు నడుస్తూనే ఉన్నారు. ఈరమ్మవ్వ తర్వాత ఆమె కోడలు, కోడలి తర్వాత ఆమె బిడ్డ. మారెక్క పోయిననాడు ఊరంతా కాళ్ళకు చెప్పుల్లేకుండా ఆమె వెంట నడిచింది.

కంపలదిన్నెలో ఇప్పటికీ ఇంటి మనిషి దూరం పోతే, వాళ్ళ చెప్పులు సొంతింట్లో పెట్టుకోరు. పొరుగింట్లో ఇస్తారు. పొరుగువాళ్ళు దుమ్ము దులుపుతారు. ఆముదం పట్టిస్తారు, మొదటి చుక్క మారెక్కకని నేల మీద వదిలి. ఒక చుక్క ఎక్కువ రాసేవాళ్ళను, "చాల్లే, మారెక్క అయిపోతావు" అని చెయ్యి పట్టుకుంటారు. తర్వాత ఆ చెప్పులు తొడుక్కుని, పొద్దు వాలే వేళ, ఆ ఇంటి ముందు నడుస్తారు.

తిప్పడి జత కూడా ఊళ్ళోనే ఉందట. పట్టీలు మార్చారు, అట్టలు మార్చారు, కుట్లు మార్చారు. తొలినాటి తోలు అందులో ముక్క కూడా మిగల్లేదట. ముందు పట్టీ మాత్రం ఎవరు మార్చినా బొటనవేలంత వదులుగానే కుడతారు.

ఏడాదికొకసారి, తొలకరి పడిన సాయంత్రం, ఎవరో ఒకరు ఆ జత తొడుక్కుని బండ్లబాట చివరి దాకా నడుస్తారు. గుడిసె ఇప్పుడు లేదు. అది ఉన్న చోట ఆగుతారు. లోపలినుంచి పిలిచేవాళ్ళు లేరు కాబట్టి, "వస్తివా?" అన్న పిలుపూ నడిచొచ్చినవాళ్ళదే, జవాబూ వాళ్ళదే.

"దారిలో ఉండాడు మారెక్కా."